యంత్రానికి నక్షత్రాలు, బిగింపుకు బాధ్యులెవరు? వరాఛా ఇళ్లలో స్ప్లిట్ ఏసీ

సూరత్ రైల్వే స్టేషనుకు తూర్పున మొదలై కపోద్రా మీదుగా సర్థాణా వైపు సాగే వరాఛా రోడ్డు వజ్రాలు సానపట్టే పనికి పేరుపొందింది. మినీ బజార్ పరిసరాల్లో వజ్రాల పొట్లాలు చేతులు మారుతుంటాయి. వెనుక వీధుల్లో, ఒకదానికొకటి ఆనుకొని లేచిన నాలుగైదు అంతస్తుల భవనాల్లో, సౌరాష్ట్ర జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు నివసిస్తున్నాయి. ఒకప్పుడు కార్ఖానా యజమానుల ఇళ్లకే పరిమితమైన ఎయిర్ కండిషనర్ ఇప్పుడు అక్కడ రత్నకళాకారులని పిలుచుకొనే సాన కార్మికుల ఇళ్లకూ చేరింది. వాయిదాల మీద కొన్నదో, బంధువు కొంతకాలం వాడి ఇచ్చినదో, ఒక స్ప్లిట్ ఏసీ ఆ ఇంటి ఒకే ఒక్క పడకగది గోడకు ఎక్కుతోంది. ఏ కంపెనీది కొనాలన్న చర్చ ప్రతి వేసవిలోనూ నడుస్తుంది. ఆ యంత్రాన్ని గోడకు ఎవరు బిగిస్తున్నారు, ఎలా బిగిస్తున్నారన్న చర్చ మాత్రం ప్రమాదం జరిగిన మరునాడే మొదలై కొద్దిరోజుల్లో సద్దుమణుగుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఎయిర్ కండిషనర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపని ధర రూ.30,000 ఉన్న యంత్రం అంతకుముందు రూ.38,400కు వచ్చేది, ఇప్పుడు రూ.35,400కు వస్తోంది. మిగిలిన మూడు వేల రూపాయలు, మీటరు బోర్డు నుంచి గది వరకు ఏసీకి ప్రత్యేకంగా ఒక లైను లాగించడానికి చాలావరకు సరిపోయే మొత్తం. అయితే ఆ డబ్బు వైరు మీద ఖర్చవుతున్న దాఖలాలు తక్కువ. వజ్రాల ఎగుమతులు కొన్నేళ్లుగా మందగించి, సాన కార్ఖానాల్లో పనిదినాలు తగ్గిన చోట కుటుంబాలు ఖర్చు తగ్గించుకొనే దారులు వెతకడం సహజం. షోరూములో ధర తగ్గదు, వాయిదా మొత్తం మారదు. తగ్గించుకోవడానికి వీలైనది బిగింపు ఖర్చు ఒక్కటే. అందుకే 'మనమే బిగించుకుందాం' అన్న ఆలోచన వస్తుంది.

ఈ మాటకు ఊరూరా అర్థం మారుతుంది. అమెరికాలో సొంతంగా బిగించుకొనేవారి కోసమే, గొట్టాల్లో ముందుగా గ్యాస్ నింపి, నట్లు తిప్పితే చాలు కలిసిపోయేలా తయారుచేసిన స్ప్లిట్ యంత్రాలు దొరుకుతాయి. అక్కడ శీతలీకరణ వాయువును వెలికితీసి నింపే పని చేయాలంటే స్వచ్ఛవాయు చట్టం కింద ధ్రువపత్రం తప్పనిసరి. ఆ చట్టం వల్లనే, ధ్రువపత్రం లేనివారి కోసం గ్యాస్ నింపిన గొట్టాల మార్గం పుట్టింది. వరాఛాలో అటువంటి కిట్ల అమ్మకం వాడుకలో లేదు. ఇక్కడ 'మనమే' అంటే ఇంటాయన, ఆయన బావమరిది, తెలిసిన ఒక ఎలక్ట్రీషియను, అద్దెకు తెచ్చిన డ్రిల్లింగ్ యంత్రం. ఏప్రిల్, మే నెలల్లో కంపెనీ మెకానిక్ కోసం రోజుల తరబడి ఎదురుచూడవలసి రావడం కూడా ఈ దారికి ఒక కారణం.

ఎంపికలో తేల్చుకోవలసినవి

స్ప్లిట్ ఏసీ చలిని పుట్టించదు. గదిలోని వేడిని తీసుకొని బయట వదులుతుంది. అదే ప్రక్రియను తిరగేసే కవాటం ఒకటి అమర్చితే చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. శీతల దేశాల్లో దీనిని హీట్ పంపు అంటారు, మన దుకాణాల్లో 'హాట్ అండ్ కోల్డ్' అని అమ్ముతారు. ఢిల్లీకో, చండీగఢ్‌కో ఇది ఉపయోగపడుతుంది. జనవరి రాత్రుల్లో కూడా సగటున 15 డిగ్రీల దగ్గరే ఆగిపోయే సూరత్‌లో దానికోసం అదనంగా చెల్లించడం వృథా. హైదరాబాద్, విజయవాడల్లోనూ ఇదే మాట వర్తిస్తుంది.

సూరత్ అసలు సమస్య ఎండకన్నా ఉక్క. సముద్రం దగ్గర, తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరంలో మే, జూన్ నెలల్లో ఉష్ణోగ్రత గుజరాత్ ఉత్తర జిల్లాలంత పెరగకపోయినా గాలిలో తేమ చెమటను ఆరనివ్వదు. కాబట్టి ఏసీ ఇక్కడ రెండు పనులు చేయాలి. గాలిని చల్లబరచాలి, తేమను నీరుగా మార్చి బయటికి పంపాలి. రెండో పనికి యంత్రం ఎక్కువసేపు నిలకడగా నడవాలి. గదికి అవసరమైన దానికంటే పెద్ద యంత్రం పెడితే అది కొద్దినిమిషాల్లోనే గాలిని చల్లబరచి ఆగిపోతుంది, తేమ మాత్రం మిగిలిపోతుంది. గది చల్లగా ఉన్నా పక్క తడితడిగా అనిపించడానికి కారణం ఇదే. 'ఎందుకైనా మంచిది, ఒకటిన్నర టన్ను తీసుకోండి' అనే దుకాణదారుడి సలహా వరాఛాలోని పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గదులకు చాలాసార్లు సరైనది కాదు. మధ్య అంతస్తులో ఉన్న అటువంటి గదికి ఒక టన్ను సాధారణంగా సరిపోతుంది. టన్ను అంటే యంత్రం బరువు కాదు, అది గంటకు తొలగించగల వేడికి కొలత. ఒక టన్ను సుమారు మూడున్నర కిలోవాట్ల వేడితో సమానం.

మేడ మీద, నేరుగా స్లాబు కింద ఉన్న గది లెక్క వేరు. రోజంతా ఎండను పీల్చుకొన్న కాంక్రీటు రాత్రి పదింటికీ వేడిని దింపుతూనే ఉంటుంది. అటువంటి గదికి ఒకటిన్నర టన్ను అవసరం కావచ్చు. కానీ దానికి ముందు చూడవలసింది పైకప్పు. గుజరాత్‌లో తెల్లని పింగాణీ పెంకు ముక్కలను మేడ మీద పరిచే పద్ధతి చాలాకాలంగా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఐదేళ్ల కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. పైకప్పుకు తెల్లని పూత వేయిస్తే గదిలో వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. చిన్న యంత్రంతో సరిపెట్టుకొనే వీలు కలుగుతుంది. సొంతంగా చేసుకోదగిన పనుల్లో ప్రమాదం దాదాపు లేనిది, లాభం ఖాయమైనది ఇదే. అద్దె ఇంటివారికి మాత్రం మేడ తమది కాదు.

ఇక నక్షత్రాల సంగతి. ఇంధన సామర్థ్య బ్యూరో లేబుల్‌పై కనిపించే వార్షిక విద్యుత్ వినియోగం, యంత్రం ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందన్న లెక్కపై ఆధారపడినది. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున 200 రాత్రులు అన్నమాట. సూరత్ కుటుంబపు వాడకానికి ఇది దగ్గరి లెక్కే. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ యంత్రాల లేబుళ్లపై మూడు నక్షత్రాల దానికి వెయ్యి యూనిట్లకు కాస్త అటూఇటూగా, ఐదు నక్షత్రాల దానికి 750 నుంచి 800 వరకు చూస్తూ వచ్చాం. తేడా సుమారు 200 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఏడాదికి రూ.1,400 మిగులుతుంది. ధరలో తేడా ఏడు వేలుంటే అది తిరిగి రావడానికి ఐదేళ్లు పడుతుంది. రాత్రి మాత్రమే వాడే ఒక్క గదికి మూడు నక్షత్రాల యంత్రం తీసుకోవడం తప్పు నిర్ణయం కాదు. పగలంతా నడిచే సాన కార్ఖానాకో, ఎంబ్రాయిడరీ యంత్రాల గదికో మాత్రం ఐదు నక్షత్రాలే లాభం. 2026 జనవరి 1 నుంచి ఈ కొలమానం మరింత కఠినమైంది. పాత లెక్కలో ఐదు నక్షత్రాలు పొందిన యంత్రం కొత్త లెక్కలో నాలుగుకు దిగుతుంది. అందువల్ల నక్షత్రాలను మాత్రమే కాక లేబుల్‌పై ముద్రించిన కాలాన్నీ చూడాలి. పాత సరుకు తగ్గింపు ధరకు వస్తే తీసుకోవచ్చు, కానీ కొత్త ఐదు నక్షత్రాల ధరకు కాదు.

వరాఛాకు ప్రత్యేకమైనది మరొకటి ఉంది. వస్త్ర పరిశ్రమ, ఎంబ్రాయిడరీ యంత్రాలు ఉన్న వీధుల్లో దారపు నూగు గాలిలో తేలుతూ ఉంటుంది. అది లోపలి యూనిట్ జాలీలోనూ, బయటి యూనిట్ రేకుల మధ్యనూ పేరుకుపోతుంది. జాలీని రెండు వారాలకొకసారి ఇంటివారే తీసి కడగవచ్చు, దానికి మెకానిక్ అవసరం లేదు. లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మధ్య స్థిరపడిన తెలంగాణ పద్మశాలి కుటుంబాలకూ ఇదే పరిస్థితి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడపవలసినంత సంఖ్యలో తెలుగువారు ఆ నగరంలో ఉన్నారు. మరమగ్గం చప్పుడు మధ్య పెరిగిన ఇంట్లో ఏసీ కొనుగోలు నిన్నమొన్నటి మార్పు. ఇంటి వైరింగు మాత్రం పాతదే.

గోడలోని వైరు

ఒకటిన్నర టన్ను యంత్రం పూర్తి సామర్థ్యంతో నడిచేటప్పుడు సుమారు 1,600 వాట్లు, అంటే ఏడు ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. వినడానికి ఇది పెద్ద సంఖ్య కాదు, ఇస్త్రీ పెట్టె కూడా ఇంచుమించు అంతే తీసుకుంటుంది. తేడా సమయంలో ఉంది. ఇస్త్రీ పావుగంటలో ముగుస్తుంది, ఏసీ రాత్రంతా నడుస్తుంది. దీపాలకు, ఫ్యాన్లకు వేసిన సన్నని వైరు మీద, ఏళ్ల క్రితం చేత్తో మెలివేసి టేపు చుట్టిన అతుకు మీద ఏడెనిమిది గంటలు ఆ భారం పడితే, అతుకు దగ్గర వేడి కొద్దికొద్దిగా పేరుకుంటుంది. ముందు టేపు ఎండిపోతుంది, తర్వాత వైరు తొడుగు పెళుసుబారుతుంది. ఇదంతా గోడ లోపల, ఇంటివారు నిద్రలో ఉన్నప్పుడు జరుగుతుంది.

దీనికి పరిష్కారం కొత్తదేమీ కాదు. మీటరు బోర్డు నుంచి ఏసీ వరకు మధ్యలో ఎక్కడా అతుకు లేని ప్రత్యేక రాగి లైను వేయాలి. ఒకటిన్నర టన్నుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు వాడుక. దానికి సొంతంగా ఒక ఎంసీబీ, భారీ ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత భవనాల్లో ఆ రంధ్రం వెనుక వైరే ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియను పరీక్ష దీపంతో రెండు నిమిషాల్లో తేల్చగల సంగతి ఇది. అడగవలసింది ఇంటివారు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపివేసే రక్షణ పరికరం కూడా బోర్డులో ఉంటే, తడి చేతితో లోహపు భాగాన్ని తాకినప్పుడు ప్రాణం నిలిచే అవకాశం చాలా పెరుగుతుంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం, ఇంటి విద్యుత్ అమరిక సామర్థ్యం గానీ స్వభావం గానీ మారనంతవరకు బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, గృహోపకరణాలు మార్చుకోవడానికి మినహాయింపు ఉంది. అంతకు మించిన పనిని లైసెన్సు పొందిన కాంట్రాక్టరే చేయాలి. పాత ఏసీ తీసి అదే ప్లగ్గుకు కొత్తది తగిలించడం ఒకటి, లేని చోట కొత్త లైను లాగడం మరొకటి. రెండోది 'సొంత పని' కాదు. సూరత్‌లో విద్యుత్ పంపిణీ టోరెంట్ పవర్, దక్షిణ గుజరాత్ విజ్ కంపెనీల చేతుల్లో ఉంది. ఏ సంస్థ పరిధిలో ఉన్నా, ఏసీ పెట్టే ముందు మంజూరైన లోడు ఎంతో బిల్లుపై చూసుకొని, చాలకపోతే పెంచమని దరఖాస్తు చేయడం వినియోగదారుడి బాధ్యత. ఒక భవనంలో ఇరవై కుటుంబాలు చెప్పకుండా ఏసీలు పెడితే, భారం మెట్ల కింద ఉన్న ఉమ్మడి మీటరు బోర్డు మీద పడుతుంది.

మెట్ల దగ్గరి ప్రమాదం

ఆ మీటరు బోర్డు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న వరాఛావాసులకు కొత్త కాదు. 2019 మే 24న సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్‌లో అగ్నిప్రమాదం జరిగింది. కింది భాగంలో షార్ట్ సర్క్యూట్‌తో మంటలు మొదలయ్యాయి. పైన కోచింగ్ తరగతుల్లో ఉన్న పిల్లలకు దిగే దారి చెక్క మెట్లే. అవి కాలిపోయాయి. 22 మంది విద్యార్థులు మరణించారు. కొందరు పైనుంచి దూకారు. ఆరేళ్ల తర్వాత, 2025 మే 18న హైదరాబాద్‌లో చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో తెల్లవారుజామున మంటలు చెలరేగి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చునని అధికారులు తొలుత చెప్పారు. అక్కడా బయటికి వచ్చే దారి ఇరుకైనదే.

ఈ రెండు ఘటనలను ఇంటి ఏసీ బిగింపు ఖాతాలో వేయడం సరికాదు. కాని రెండూ ఒక సంగతిని చూపిస్తున్నాయి. కింది అంతస్తులో విద్యుత్ భారం మొత్తం మోసే బోర్డూ, పైనున్నవారు దిగవలసిన ఏకైక మెట్ల దారీ పక్కపక్కనే ఉన్న కట్టడంలో, చిన్న నిప్పురవ్వ కూడా తప్పించుకొనే దారిని మూసివేస్తుంది. ఇరుకు వీధుల్లో స్థలం లేక ఏసీ బయటి యూనిట్లను మెట్ల మలుపుల్లో, నడవాల్లో పెట్టడం ఈ దృష్టితో చూస్తే అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం.

అది యంత్రానికీ మంచిది కాదు. ఒకటిన్నర టన్ను ఏసీ గదినుంచి ఐదు కిలోవాట్లకు పైగా వేడిని తీసి, తాను వాడుకొన్న విద్యుత్తును కూడా కలిపి, దాదాపు ఏడు కిలోవాట్ల వేడిని బయట పోస్తుంది. ఎదురుగోడ మూడడుగుల దూరంలో ఉంటే ఆ వేడిగాలే తిరిగి యూనిట్‌లోకి వస్తుంది. లేబుల్‌పై ఉన్న నక్షత్రాలు ఆ సందులో సగం రాలిపోతాయి. ఎదురింటి కిటికీలోకి వెళ్లే వేడి ఎవరి లెక్కలోనూ ఉండదు. ఏసీ లేని ఇల్లు, ఏసీ ఉన్న పొరుగువారి వేడిని భరిస్తుంది. వీధి తగాదాలకు ఇది కొత్త కారణం.

బరువు సంగతీ తక్కువది కాదు. బయటి యూనిట్ ముప్పై కిలోలకు అటూఇటూగా ఉంటుంది. 2024 ఆగస్టులో ఢిల్లీలోని కరోల్‌బాగ్ ప్రాంతంలో పై అంతస్తు నుంచి ఏసీ బయటి యూనిట్ ఊడిపడి, కింద స్కూటర్ మీద కూర్చున్న యువకుడు మరణించాడు. స్టాండు బోల్టులు గోడ పూతలో కాక ఇటుకలోనో కాంక్రీటులోనో దిగాలి. సముద్రపు గాలి, వానాకాలపు తేమ ఉన్న సూరత్‌లో సన్నని ఇనుప స్టాండు కొద్ది ఏళ్లలో తుప్పు పడుతుంది. ప్రతి వేసవికి ముందు దానిని ఒకసారి చూడటం ఇంటివారు చేయగల పని. నేల అంతస్తులో ఉన్నవారు మరో విషయం ఆలోచించాలి. 2006 ఆగస్టు తాపీ వరదల్లో నగరంలో అధిక భాగం నీట మునిగింది. బయటి యూనిట్, ప్లగ్గు రెండూ నడుము ఎత్తుకు పైన ఉండటం మంచిది.

గ్యాస్ పని ఎందుకు వేరు

లోపలి పలకను మట్టానికి బిగించడం, గోడకు బయటివైపు కొద్దిగా వాలుగా రంధ్రం వేయడం, నీటి గొట్టం ఎక్కడా పైకి లేవకుండా వాలు కాపాడటం, స్టాండు అమర్చడం. ఓపిక, మట్టపు పలక ఉన్న ఇంటివారు ఇంతవరకు చేసుకోవచ్చు. బయటి యూనిట్ పై అంతస్తులో ఉంటే మాత్రం నడుముకు భద్రతా పట్టీ లేకుండా కిటికీ దాటరాదు. ఉక్కలో రాత్రంతా నడిచిన ఏసీ బకెట్టెడు నీరు వదులుతుంది. వాలు తప్పితే ఆ నీరు గదిలోకే కారుతుంది. ఇవన్నీ కనిపించే తప్పులు, సరిదిద్దుకోవచ్చు.

రాగి గొట్టాలు కలిపే పని అటువంటిది కాదు. గొట్టం అంచును గరాటులా విప్పి, నట్టుతో బిగించి, లోపలి గాలిని వాక్యూమ్ పంపుతో పూర్తిగా తీసివేసి, ఆ తర్వాతనే యూనిట్‌లో నింపివచ్చిన గ్యాస్‌ను వదలాలి. పంపు కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నడవాలి. ఆపిన తర్వాత మీటరు ముల్లు కదలకుండా నిలవాలి. మన ఊళ్లలో చాలామంది మెకానిక్‌లు పంపు తేరు. కవాటం కొద్దిగా తెరిచి, గ్యాస్‌తోనే గాలిని నెట్టివేసి పని అయిందనిపిస్తారు. పాత ఆర్-22 గ్యాస్ కాలంలో ఈ అలవాటు చెల్లిపోయింది. ఇప్పుడు ఎక్కువ యంత్రాల్లో ఉన్నది ఆర్-32. దాని పీడనం ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ. స్వల్పంగా మండే గుణమూ ఉంది. గొట్టాల్లో తేమ మిగిలితే కంప్రెసర్ నూనెతో చర్య జరిగి ఆమ్లం పుడుతుంది. యంత్రం మొదటి వేసవి బాగానే నడుస్తుంది. రెండో మూడో వేసవిలో కంప్రెసర్ పోతుంది. అప్పటికి తప్పు ఎవరిదో తేలదు.

ఇంకొక అలవాటు ప్రాణాంతకం. లీకు పరీక్షకు నైట్రోజన్ వాడాలి. అది దొరకలేదని వెల్డింగ్ దుకాణం నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చేవారున్నారు. పీడనంలో ఉన్న ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే పేలుడు జరుగుతుంది. ఇంటి ముందుకు ఆక్సిజన్ సిలిండరు వచ్చిందంటే ఆ పనిని అక్కడికక్కడే ఆపించాలి. సబ్బు నురుగుతో నట్ల దగ్గర బుడగలు చూసే పాత పద్ధతి మాత్రం ఇప్పటికీ మంచిదే, అది ఇంటివారూ చేయవచ్చు.

విధానంలో ఖాళీ

కేంద్ర ప్రభుత్వం ఈ యంత్రాన్ని పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. 2019 మార్చిలో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, దేశంలో శీతలీకరణ అవసరం రెండు దశాబ్దాల్లో ఎనిమిది రెట్లు కాగలదని అంచనా వేసింది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన వచ్చింది. 2020 అక్టోబరులో గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని నిషేధించారు. 2021లో దేశీయ తయారీకి రూ.6,238 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించారు. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్, ఏసీ ఉష్ణోగ్రతను 20 నుంచి 28 డిగ్రీల మధ్యకే పరిమితం చేసే ప్రతిపాదనను ముందుకు తెచ్చారు. దిగుమతి, తయారీ, లేబుల్, రిమోట్‌పై కనిపించే అంకె వరకు నియమాలు వచ్చాయి.

రిమోట్‌కూ మీటరు బోర్డుకూ మధ్యనున్నది మిగిలిపోయింది. అదే కార్యాచరణ ప్రణాళిక 2022–23 నాటికి లక్షమంది సర్వీసు సాంకేతిక నిపుణులకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకొంది. లక్ష్యం మంచిదే. కాని ధ్రువపత్రం లేనివారు ఆర్-32 యంత్రాన్ని ముట్టరాదన్న కట్టడి దేశంలో లేదు. శిక్షణ పొందిన మెకానిక్ వాక్యూమ్ పంపు మోసుకొని నాలుగు అంతస్తులు ఎక్కి గంటన్నర పనిచేస్తాడు. శిక్షణ లేనివాడు ముప్పావు గంటలో ముగించి మూడొందలు తక్కువ తీసుకుంటాడు. మే నెలలో రోజుకు ఆరు ఇళ్లు తిరిగేవాడికి బిగింపు లెక్కన కూలి ముడుతుంది. నిదానంగా, సరిగా చేసేవాడికి నష్టం తెచ్చే ఏర్పాటు ఇది. ఈ పరిస్థితిలో తప్పంతా మెకానిక్‌దే అనడం సులువు, న్యాయం కాదు. యంత్రం అమ్మిన సంస్థ, పన్ను వసూలు చేసిన ప్రభుత్వం, లోడు పెంచిన పంపిణీ సంస్థ, వీటిలో ఏ ఒక్కటీ బిగించిన తర్వాత ఆ గోడను చూడటానికి రాదు.

చేయదగినవి లేకపోలేదు. వారంటీ పత్రంపై వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ఎర్తింగ్ పరీక్షించారా అన్న రెండు గడులు చేర్చి, మెకానిక్ సంతకం తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. పంపిణీ సంస్థ లోడు పెంచే సమయంలో లైసెన్సుదారు పరీక్ష నివేదికను నిజంగా తనిఖీ చేస్తే మరికొంత ప్రమాదం తగ్గుతుంది. తక్షశిల ప్రమాదం తర్వాత సూరత్‌లో కోచింగ్ కేంద్రాల అగ్నిమాపక తనిఖీలు పెద్దఎత్తున జరిగాయి. నివాస భవనాల మెట్ల కింది మీటరు బోర్డుల వరకు అటువంటి దృష్టి ఇంకా రావలసి ఉంది.

అద్దె ఇళ్లలో ఈ సమస్య మరో రూపం తీసుకుంటుంది. కుటుంబం ఇల్లు మారినప్పుడు ఏసీ కూడా కదులుతుంది. కొన్నప్పుడు కంపెనీ మనిషి వచ్చి బిగించి ఉండవచ్చు, రెండోసారి వచ్చేది చాలావరకు వీధి చివరి మెకానికే. విప్పే ముందు యంత్రాన్ని నడుపుతూ ఒక కవాటం మూసి, గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లోకి చేరాక రెండోది మూసి, వెంటనే ఆపివేయాలి. ఈ క్రమం తప్పితే గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, కొత్త ఇంట్లో మళ్లీ నింపించడానికి వేలల్లో ఖర్చవుతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఆర్-32 బొగ్గుపులుసు వాయువు కంటే 675 రెట్లు బలమైనది. గొట్టాల చివరలను టేపుతో మూసి తీసుకెళ్లాలి. కొత్త గోడ దగ్గర వాటి పాత అంచులను కోసివేసి మళ్లీ కొత్తగా విప్పించాలి. పాత అంచుకే నట్టు బిగిస్తానన్న మెకానిక్‌ను అక్కడే ఆపమని అడిగితే, అదనంగా పట్టేది పది నిమిషాలు.